ఔటర్‌లో దిగేవాళ్ళం

డిగ్రీ పట్టా చేతికి రాగానే నేను చేసిన మొదటి పని పట్టాలెక్కడం. ఉద్యోగం హైదరాబాదులో వచ్చింది, ఇల్లు వరంగల్లులో ఉండిపోయింది, రెంటికీ నడుమ రైలుంది కాబట్టి నేను ఆ నడుమనే ఉండిపోయాను. డెబ్బైల చివర మొదలుపెట్టి ఎనభైలు గడిచేదాకా, ఆదివారాలూ పండుగలూ తీసేస్తే, నేను మెలకువగా ఉన్న కాలంలో పెద్ద వాటా రైలుదే. నిద్రపోయిన కాలంలో కూడా పెద్ద వాటా దానిదేనని మా ఆవిడ అంటుంది.

"పట్నంలోనే ఒక గది తీసుకోరాదా?" అని చుట్టాలు అడిగేవాళ్ళు. మా ఆవిడకు హనుమకొండ బడిలో టీచరు పని. మా ఇద్దరి జీతాల్లో ఆమెది కొంచెం పెద్దది. పెద్ద జీతం ఎక్కడుంటే ఇల్లు అక్కడుంటుందనేది మా ఇంట్లో ఎవరూ పైకి అనకుండా పాటించిన నియమం. చిన్న జీతం మాత్రం పొద్దున్నే లేచి, డబ్బా కట్టించుకుని, చీకట్లో చెప్పులు వెతుక్కునేది.

సీజన్ టికెట్టును మేం పాస్ అనేవాళ్ళం. ఇంటర్‌లో లెక్కలు ఒకసారి తప్పినవాణ్ణి నేను. తప్పకుండా నెలనెలా పాసయింది రైలు స్టేషను కౌంటరు దగ్గరే. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నింటికీ ఒకటే సీజన్.

బొంబాయిలో, మద్రాసులో, కలకత్తాలో జనం పనికి పోవడానికని లోకల్ రైళ్ళుంటాయని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మా ఆఫీసులో ఒకాయన బొంబాయి చూసొచ్చి, "అక్కడ ఒక బండి తప్పితే వెనకనే ఇంకో బండి" అన్నాడు. మాకు బండి తప్పితే వెనకనే సెలవు చీటీ. మాకంటూ ఎవరూ రైలు వెయ్యలేదు. ఎక్కడినుంచో ఎక్కడికో పోయే దూరపు బండిని మధ్యలో పట్టుకుని, మేమే దాన్ని లోకల్ చేసుకున్నాం. రాత్రంతా ప్రయాణం చేసి ఒళ్ళు విరుచుకుంటున్న దూరపు ప్రయాణికులకు తెల్లారేసరికి మేం కనిపించేవాళ్ళం. వాళ్ళ ముఖాల్లో పెద్ద సంతోషం చూసిన గుర్తు లేదు.

మొదట్లో బొగ్గింజను. ఇంట్లో తెల్లచొక్కా వేసుకుని బయల్దేరితే ఆఫీసు చేరేసరికి అది బూడిదరంగు చొక్కా అయ్యేది. తర్వాత డీజిలు వచ్చింది, చొక్కా బతికింది. బోగీ మాత్రం మారలేదు. ఎక్కేటప్పుడు యోగుల్లా ఎక్కేవాళ్ళం, దిగేటప్పుడు రోగుల్లా దిగేవాళ్ళం. భోగులెవరైనా ఉంటే వాళ్ళు కిటికీ పక్కన ఉండేవాళ్ళు.

కిటికీ పక్క సీటుకు మా దగ్గర చట్టం ఒకటుండేది. బండి ఆగీ ఆగకముందే కిటికీలోంచి జేబురుమాలు సీటు మీద పడేస్తే ఆ సీటు మనది. రుమాలు ఎవరిదో అందరికీ తెలుసు. ఎంత రద్దీలోనైనా దాన్ని పక్కకు జరిపి కూచున్నవాడు లేడు. నా రుమాలుకు ముక్కు తుడిచే భాగ్యం ఎన్నడూ కలగలేదు. దాని ఉద్యోగం అది చేసేది, నా ఉద్యోగం నేను చేసేవాణ్ణి. ఇద్దరిలో దానికే సీటు ఖాయం.

మా జట్టులో ముగ్గురం. ఒకడు పెద్దన్న, అకౌంట్లాఫీసులో హెడ్డు గుమాస్తా, మా అందరికంటే ముందునుంచి పాస్ మీద తిరుగుతున్నవాడు. ఆయన లేస్తే మేం లేస్తాం, ఆయన కూచుంటే మేం కూచుంటాం. ఇంకొకడు పక్క స్టేషన్లో ఎక్కే కాజీపేట తమ్ముడు. వాడి సంచిలో అన్నం డబ్బా ఒకరోజు మరిచిపోవచ్చు గాని పేకల కట్ట మరవడు. నలుగురి మోకాళ్ళ మీద తువ్వాల పరిచి ముక్కలు పంచితే జనగామ ఎప్పుడొచ్చిందో, ఆలేరు ఎప్పుడు పోయిందో తెలిసేది కాదు. మూడోవాణ్ణి నేను. నాలుగో చెయ్యి ఎవరు దొరికితే వారు.

ఇక ఔటర్ సంగతి. సికింద్రాబాదు చేరేముందు, మౌలాలి దాటినాక, మా బండి ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగేది. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడాలి. ఒక్కోరోజు అది వినాయకుడి పెళ్ళే. ఆఫీసులో హాజరు పట్టీ మాత్రం ఎవరి పెళ్ళికోసమూ ఆగదు. సమయం దాటితే పేరు పక్కన ఎర్రగీత పడుతుంది. అందుకని పాసులవాళ్ళం ఔటర్‌లోనే దిగేవాళ్ళం. సంచి ముందు భుజానికి వేసుకోవాలి. తలుపు కమ్మీ గట్టిగా పట్టుకోవాలి. చివరి మెట్టు మీదినుంచి కంకర రాళ్ళ మీదికి దుంకాలి. ఆ మెట్టుకూ నేలకూ మధ్య మనిషి నడుమంత ఎత్తు. తర్వాత పట్టాల పక్కన నడిచి రోడ్డెక్కి సిటీ బస్సు పట్టుకోవాలి. మొదటి నెల భయమేస్తుంది. రెండో నెల మోకాళ్ళు నొస్తాయి. ఆ తర్వాత మనం దుంకం, కాళ్ళే దుంకుతాయి. మనం వాటి వెంట పోతాం.

ఎనభైల మొదట్లో ఒకరోజు ఒక అమ్మాయి మా బోగీలోకి వచ్చింది. పొద్దున బండిలో పాస్ మీద పోయే ఆడవాళ్ళు అప్పటికి చాలా తక్కువ. కొత్తగా పెళ్ళయింది. పెళ్ళికి ముందు రాసిన బ్యాంకు పరీక్ష ఫలితం పెళ్ళయ్యాక వచ్చింది, పోస్టింగు సికింద్రాబాదులో. అత్తవారిది వరంగల్ చౌరస్తా దగ్గర బెల్లం, చింతపండు దుకాణం. భర్త తండ్రితోపాటు దుకాణంలో కూచుంటాడు. మంచివాడే, తండ్రి ముందు నోరు విప్పనంత మంచివాడు. వరంగల్లుకు బదిలీ దొరికేదాకా ఇలా తిరుగుతుందని ఇంట్లో ఒప్పందం.

మొదటి వారం ఆమె ఔటర్‌లో బండిలోనే కూచుని, రోజూ లేటుగా పోయింది. రెండో వారం పెద్దన్న అన్నాడు:

"చెల్లె, నువ్వు గిట్ల కూసుంటే ఆడ నీ కుర్సీ ఉండదు. దిగుతవా?"

"పడ్తనేమో అన్నా."

"పడితే లేస్తవు. జర చెయ్యియ్యి."

ఆ రోజు చెయ్యి పట్టుకుని దిగింది. నెల తిరిగేసరికి చీర కుచ్చిళ్ళు ఎడమచేత్తో ఎత్తిపట్టి, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని, మాలో ఎవరికీ రానంత నేర్పుగా దిగడం మొదలుపెట్టింది. నేను సంచీ, డబ్బా, నన్నూ ముగ్గురినీ సముదాయించుకుని దిగేలోపు ఆమె నాలుగు అడుగులు ముందుండేది. రమ్మీ కూడా నేర్చుకుంది. నాలుగో చెయ్యి వెతుక్కునే పని తప్పింది మాకు. ఇంట్లో ఈ రెండు సంగతులూ తెలియవు. బండి నేరుగా ప్లాట్‌ఫారం మీదికే పోతుందనీ, బోగీలో అందరూ పేపరు చదువుకుంటారనీ చెప్పింది.

ఒక గురువారం పొద్దున ఆమె వచ్చి కూచుంది గాని ముక్కలు తీసుకోలేదు.

"ఏమైంది చెల్లె?" అన్నాను.

"రేపు మా మామయ్య వస్తాండు."

"రానీ. మంచిదే గద."

"మంచికి గాదన్నా. దుకాణానికొచ్చే ఒకాయన చెప్పిండట. 'మీ కోడలు ఎక్కే డబ్బల పేకలు ఆడ్తరు, బీడీలు తాగుతరు, మొగోళ్ళంత ఒకల మీద ఒకలు పడ్తరు' అని. మామయ్య తిట్టలే. 'రేపు నేనే వచ్చి చూస్త. మంచిగుంటే పో, లేకుంటే ఇగ బందు' అన్నడు."

"బందంటే?" అన్నాడు కాజీపేట తమ్ముడు.

"నౌకరి బందు."

పెద్దన్న చేతిలో ముక్కలు బోర్లించాడు. ఆయన చేతిలో ముక్కలు అలా ఆట మధ్యలో బోర్లబడటం నేను అంతకుముందు చూడలేదు.

"రేపు పేక బందు. బీడీ బందు. దుంకుడు బందు," అన్నాడు.

"ఊపిరి?" అన్నాడు కాజీపేట తమ్ముడు.

"అది జర మెల్లగ తీస్కో."

"ఔటర్ల ఎంతసేపు ఆగినా కూసోవాలెనా?"

"కూసోవాలె. ప్లాట్‌ఫారం మీదికి పోయి మనుషుల్లెక్క దిగాలె."

"నాకు గీ నెల ఇప్పటికే ఎర్రగీతలు పడ్డయి అన్నా. ఇంకోటి పడితే సెలవు కోత."

"కోస్తే కోయనీ. నీ సెలవు మళ్ళ మొలుస్తది. చెల్లె నౌకరి పోతే మళ్ళ మొలుస్తదా?"

వాడు ముక్కలు ఏరి కట్ట కట్టాడు. సాయంత్రం దిగేటప్పుడు తనే అన్నాడు, "రేపు పేకలు ఇంట్ల పెట్టి వస్త" అని. పెట్టి రాలేదు, అది వేరే సంగతి.

శుక్రవారం పొద్దున ఆయన వచ్చాడు. తెల్ల ధోతి, లాల్చీ, భుజం మీద ఉత్తరీయం, చేతిలో గిన్నెల టిఫిను క్యారియరు. ఊళ్ళో అందరూ సేటు అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. కిటికీ పక్క సీటును ఆయన కోసం ముగ్గురి జేబురుమాళ్ళతో ఆపాం, అందుకని కాజీపేట తమ్ముడు కూడా ఆ రోజు వరంగల్లుకే వచ్చి ఎక్కాడు. నాది ఆ రోజుకని ఉతికి తెచ్చాను. ఆయన మూడు రుమాళ్ళనూ తీసి, మడిచి, ఎవరివి వాళ్ళకిచ్చి కూచున్నాడు. కోడలు ఎదురుగా కూచుంది. మేం చేతులు కట్టుకున్నాం.

కాజీపేట దాటింది. ఎవరూ మాట్లాడలేదు.

"దినాం పోతరా మీరు?" అన్నాడు సేటు.

"అవును సేటుగారు," అన్నాడు పెద్దన్న.

"దినాం గిట్లనే మూగగ కూసుంటరా?"

"పొద్దుగాల గద, దేవుణ్ణి తలుసుకుంటం."

కాజీపేట తమ్ముడికి దగ్గు వచ్చింది.

"మంచిదే," అన్నాడు సేటు. "మా దుకాణంల ఒకాయన చెప్పిండు, గీ డబ్బల పేకాట మోత మోగుతదని."

"గది పక్క డబ్బ," అన్నాం ముగ్గురం ఒక్కసారే.

ముగ్గురం ఒకేసారి అనకపోయి ఉంటే బాగుండేది. సేటు మా ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి చూసి, కిటికీ వైపు తిరిగాడు. చెల్లె తల దించుకుంది. నవ్వాపుకుంటోందో, ఏడుపాపుకుంటోందో నాకు తెలియలేదు.

జనగామ దగ్గర ఆయన క్యారియరు విప్పాడు. పూరీలు, ఆలుగడ్డ కూర. మాకందరికీ సరిపడా కట్టించుకొచ్చాడు. తింటూ మా ఊళ్ళు అడిగాడు, మా నాన్నలెవరో అడిగాడు. పెద్దన్న తండ్రి ఒకప్పుడు తన దగ్గరే బెల్లం కొనేవాడని తేలింది. కొనడమే గాక తూకం మీద జగడం కూడా పెట్టుకునేవాడట. "మీ నాయిన నోరు పెద్దది. నీకేమో నోరే లేదు," అన్నాడు. పెద్దన్న ఆ మాటనూ మింగి, పూరీనీ మింగాడు. భువనగిరి గుట్ట కనబడగానే సేటు కిటికీకి తల ఆనించి చూశాడు. సరుకు లారీల్లో వస్తుంది గనక ఆయనకు పట్నం పోయే పని తక్కువట. "మంచిగుందిరా రైలు," అన్నాడు. ఆ మాటకు చెల్లె తలెత్తి మా వైపు చూసింది. ఇంకొంచెం దూరం ఇలాగే కూచుంటే చాలని ఆ చూపు.

మౌలాలి గుట్ట వచ్చింది. సేటు దర్గాకు దండం పెట్టుకున్నాడు. కొంచెం దూరం పోయాక బ్రేకులు కిర్రుమన్నాయి. బండి ఔటర్‌లో ఆగింది.

ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చెప్పగలను గాని ఎందుకు జరిగిందో చెప్పలేను. పెద్దన్న లేచాడు. నడుం పట్టేసి లేచానని తర్వాత చెప్పాడు. పెద్దన్న లేస్తే మేం లేస్తాం కదా, లేచాం. లేచినవాళ్ళం సంచులు భుజాన వేసుకున్నాం. సంచి భుజానికెక్కితే కాళ్ళు తలుపు దగ్గరికి పోతాయి. పెద్దన్న దిగాడు, కాజీపేట తమ్ముడు దిగాడు, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చెల్లె దిగింది, చివరగా సంచీ డబ్బాలతో నేను పడినట్టుగా దిగాను. దిగి నలుగురం రోజూలాగే వరుసగా నడవడం మొదలుపెట్టాం.

"అబ్బ," అన్నాడు కాజీపేట తమ్ముడు, "పొద్దుగాల్నుంచి మాట్లాడక పానం పోయింది. సేటు మంచోడే గని..."

అక్కడ ఆగాడు. వాడు ఆగితే మేం ఆగాం. చెల్లె వెనక్కి తిరిగింది.

కిటికీలో సేటు ముఖం ఉంది. కోపం లేదు ఆ ముఖంలో. అంగట్లో కళ్ళముందున్న బస్తా మాయమైతే చూస్తారే, అలా చూస్తున్నాడు. ఒళ్ళో క్యారియరు ఉంది.

"మామయ్యా!" అని ఆమె రైలు వైపు ఉరికింది.

రోజూ మేం దిగిపోయాక కూడా ఆ బండి చాలాసేపు అక్కడే పడి ఉండేది. రోడ్డెక్కి చూసినా అక్కడే కనిపించేది. ఆ రోజు మాత్రం సిగ్నల్ పడింది. ఇంజను కూత వేసింది, పెట్టెలు ఒకదాన్నొకటి తోసుకుని కదిలాయి. ఆమె కిటికీ పక్కనే రాళ్ళ మీద ఉరికింది. సేటు చెయ్యి బయటికి చాపి అరిచాడు:

"ఉరుకకు బిడ్డా! రాళ్ళున్నయి! ఆగు!"

ఆమె ఆగింది. బండి పోయింది. మా జీవితంలో ఆ బండి అంత టైముకు ప్లాట్‌ఫారం చేరిన రోజు ఇంకొకటి లేదు.

రోడ్డుదాకా గబగబా నడిచాం. రోజూ ఎక్కే బస్సు వచ్చింది. అది మా ఆఫీసుల వైపు పోయేది. దాన్ని వదిలేసి స్టేషను బస్సు ఎక్కాం. ఎర్రగీత మాట కాజీపేట తమ్ముడు కూడా ఎత్తలేదు. బస్సులో పైన కమ్మీ పట్టుకుని నిలబడి చెల్లె అంది:

"ఇగ నన్ను ఇంట్ల కూసోబెడ్తడు అన్నా."

"అట్ల ఎందుకంటడు? పెద్దమనిషి," అన్నాను.

"ఇంట్ల మంచిగనే చూస్తరు. తిండికి, బట్టకు తక్కువ లేదు. గని ఆడ నేను ఫలానాయన కోడల్ని, ఫలానాయన పెండ్లాన్ని. నా పేరు, నా ఫోటువ ఉన్నది గీ పాస్ మీద ఒక్కదాని మీదనే. అది పోతది ఇగ."

నా పాస్ మీద కూడా నా ఫోటో ఉంది. దాన్ని చూసి టికెట్ కలెక్టర్లు నవ్వుకోవడమే గాని, దానికింకో విలువ ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

సేటు ప్లాట్‌ఫారం మీద, టీ కొట్టు పక్క బెంచీ మీద కూచుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. మేం ఆయన ముందు నిలబడ్డాం, ఆలస్యంగా వచ్చిన బడిపిల్లల్లా. అందరికంటే పెద్ద పిల్లవాడు పెద్దన్న.

"పెద్దమనిషీ," అన్నాడు సేటు ఆయనతోనే, "పేకాట పక్క డబ్బ అన్నవు. దుంకుడు ఏ డబ్బ?"

పెద్దన్న నేల చూశాడు.

"ఎన్నిసార్లు దుంకినవు బిడ్డా?" అని కోడల్నడిగాడు.

"లెక్క పెట్టలే మామయ్యా."

"మా దుకాణపోళ్ళ ఇంటికొచ్చి లెక్క పెట్టనోళ్ళు కూడా ఉన్నరన్నట్టు." క్యారియరు పక్కకు జరిపాడు. "సరే. అందరు దుంకిండ్రు. నన్నెందుకు ఇడిసిపెట్టిండ్రు?"

ఇది ఎవరూ అనుకోని ప్రశ్న.

"మీకు మోకాళ్ళు..." అన్నాడు కాజీపేట తమ్ముడు.

"నా మోకాళ్ళను అడిగినవా? పూరీలు తిన్నరు, చేతులు కడుక్కున్నరు, ముసలోన్ని సామానులెక్క ఆడ పెట్టి పోయిండ్రు. 'సేటూ, మేం దిగుతానం' అని ఒక్కడన్నా అన్నడా?"

నిజంగానే ఎవరూ అనలేదు. మేం ఆయన దగ్గర దాచాలనుకున్నవాటి గురించి ఎంత ఆలోచించామో, ఆయన గురించి అంత తక్కువ ఆలోచించాం.

"ఎందుకు దుంకుతరు గట్ల?" అన్నాడు చివరికి.

"బండి ఆడ ఆగుతది మామయ్యా," అంది చెల్లె. "కూసుంటే లేటైతది. లేటైతే మేనేజరు అంటడు."

"ఏమంటడు?"

"ఆడోళ్ళు గింతేనని."

సేటు లేచి క్యారియరు చేతికి తీసుకున్నాడు. "నీ బ్యాంకు యాడుంది? చూపియ్యి," అన్నాడు. ఇద్దరూ మెట్ల వైపు పోయారు. మేం మా ఆఫీసులకు పోయి, ఎవరి ఎర్రగీత వాళ్ళం వేయించుకున్నాం. మా ఆఫీసరు కారణం అడిగాడు. ప్రయాణికుడొకణ్ణి రైల్లో మరచిపోయానని చెప్పాను. ఆయన నన్నొకసారి, గీతనొకసారి చూసి, గీతను ఇంకొంచెం పొడుగు లాగాడు.

సాయంత్రం బండికి వాళ్ళిద్దరూ వచ్చారు. సేటు పోయి సీటులో కూచున్నాక చెల్లె నాతో గుసగుసగా చెప్పింది. ఆమె లోపలికి పోగానే మేనేజరు అందరి ముందూ అన్నాడట, "దూరంనుంచి వచ్చే ఆడవాళ్ళతో ఇదే గొడవ" అని. వెనకనే వస్తున్న సేటు ఆ మాట విన్నాడు. తను ఫలానా అని చెప్పుకోకుండా పోయి బెంచీ మీద కూచున్నాడు. ధోతీ, లాల్చీ చూసి, డిపాజిట్ వెయ్యడానికొచ్చిన పెద్ద వ్యాపారి అనుకుని మేనేజరు ఆయనకు టీ తెప్పించాడు. సేటు టీ తాగాడు. సాయంత్రందాకా కోడలు పని చేస్తుంటే చూస్తూ కూచున్నాడు. మధ్యాహ్నం ఇంకో టీ వచ్చింది, అదీ తాగాడు.

"ఏమన్నడు మరి?" అన్నాను.

"ఇప్పటిదాంక ఒక్క మాట అన్లే."

బండి కదిలింది. ఘట్‌కేసర్ దాటాక సేటు కాళ్ళు ముడుచుకుని కూచుని, "పక్క డబ్బ పేకాటోళ్ళను పిలువుండ్రి," అన్నాడు. ఆయన కాజీపేట తమ్ముడి సంచి వైపు చూశాడు. వాడు మెల్లగా చెయ్యి పెట్టి కట్ట తీశాడు. తువ్వాల పరిచాం. సేటు ఆడాడు. ఆట బాగా రాదు గాని, పారేసిన ముక్క మళ్ళీ తీసుకోకూడదంటే ఒప్పుకోడు. చెల్లె ఆడలేదు, ఆయన పక్కన కూచుని చూస్తూ, ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది. మూడోసారి సేటే ముక్కలు ఆమె వైపు తిప్పి, "ఏది పారేయాల్నో చెప్పు. నీకు రాదనకు," అన్నాడు. ఆమె ఒక ముక్క చూపించింది. అది పారేశాడు.

కాజీపేటలో తమ్ముడు దిగిపోయాడు. ఇక మిగిలింది ఒక్క స్టేషను దూరం. అప్పుడు అన్నాడు సేటు:

"దుంకుడు బందు చెయ్యి. నౌకరి చేస్కో."

పెద్దన్న తల ఊపాడు. నేనూ ఊపాను. ఆమె సరే అంటే అయిపోయేది. రోజూ కొంచెం లేటుగా పోయినా నౌకరీ ఉంటుంది, ఇల్లూ ఉంటుంది.

"చెయ్యను మామయ్యా," అంది.

"ఏంది?"

"దుంకకుంటే లేటైతది. ఇయ్యాల ఒక్కనాడు లేటైతె ఏమన్నడో మీరు ఇన్నరు. దినాం అనిపించుకొని కూసోను. టైముకు పోతేనే చేస్త. లేకుంటే నౌకరే బందు చేస్త. మీరు చెప్పుండ్రి, ఏది చెయ్యాల్నో."

మామ ముందు అంత పొడుగు మాట ఆమె అంతకుముందెప్పుడైనా అన్నదో లేదో నాకు తెలియదు. ఆయన ముఖం చూస్తే అననట్టే ఉంది. పెద్దన్న కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు. నేను డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాను.

సేటు ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. బండి వేగం తగ్గింది. వరంగల్ యార్డులో పట్టాలు ఒకదానికొకటి ఎడమవుతూ పోతున్నాయి.

"మా దుకాణంల పొద్దుగాల ఆలస్యంగ వచ్చినోన్ని నేను కూడ అంటా," అన్నాడు, ఎవరితోనో కాదన్నట్టు. "ఇంకా ఎక్కువనే అంటా."

ఆమె చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది.

"మీ అత్తమ్మకు నేను చెప్పుకుంట. దుంకుడు సంగతి ఆమె ముంగట ఎత్తకు." లేచి క్యారియరు తీసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, ఆమె కాళ్ళ వైపు చూశాడు. "గా పల్చటి చెప్పులతోని మాత్రం ఇగ దుంకకు. రాళ్ళల్ల కాలు మడత పడ్తది."

మర్నాడు శనివారం. బ్యాంకు ఒక్క పూటే అయినా పోవాల్సిన టైము మారదు. చెల్లె వచ్చింది. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, బడిపిల్లలు డ్రిల్లుకు తొడుక్కునే రకం. రాత్రి దుకాణాలు మూసేలోపు సేటే బజారంతా తిరిగి తెచ్చాడట. కొలత తెలియక ఒక సైజు పెద్దవి తెచ్చాడు, ముందు భాగంలో దూది కుక్కుకుంది. కాజీపేట తమ్ముడు వాటిని చూసి, "చెల్లె, పరుగు పందెమా?" అన్నాడు. "అవునన్నా, నువ్వు ఓడిపోతవు," అంది.

ఔటర్‌లో బండి ఆగింది. పెద్దన్న ఇంకా నడుం పట్టుకుని లేస్తూనే ఉన్నాడు. అప్పటికే ఆమె కింద ఉంది, రాళ్ళ మీద బూట్లు టకటకమంటూ రోడ్డు వైపు పోతోంది. మేం ముగ్గురం వెనకనుంచి, "జర ఆగు చెల్లె!" అని అరుస్తూ నడిచాం. ఆగలేదు. బ్యాంకుకు టైమయింది.